అరిస్టాటిల్‌ను నాటకాల పక్కన పెట్టి చదివించే కోర్సు: ఒక సమీక్ష

ప్రాచీన గ్రీకు ట్రాజెడీ (విషాద నాటకం) గురించి, దాని మీద గ్రీకులే చేసిన ఆలోచన గురించి చెప్పే ఆన్‌లైన్ కోర్సులు ఇప్పుడు చాలానే దొరుకుతున్నాయి. వాటిలో ఎక్కువ భాగం గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ కవిత్వం, నాటకం మీద రాసిన ‘పొయెటిక్స్’ను సూత్రాల పట్టికగా మార్చేసి, ట్రాజెడీకి ఆరు అంగాలు, మూడు ఐక్యతలు, ఒక గొప్ప నాయకుడు, అతనిలో ఒక లోపం అని వల్లె వేయించి పంపేస్తాయి. నేను ఇటీవల పూర్తిచేసిన 12 పాఠాల కోర్సు ఆ దారి పట్టలేదు. అరిస్టాటిల్ చెప్పిన ప్రతి మాటనూ ఆయన చూసిన, చదివిన నాటకాల పక్కన పెట్టి, ఆ మాట ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ తడబడుతుందో విద్యార్థికే కనిపించేలా చేయడం ఈ కోర్సు పద్ధతి. కొన్ని లోపాలున్నాయి, వాటిలో ఒకటి చిన్నది కాదు. అయినా ఈ విషయం మీద ఆసక్తి ఉన్నవారికి నేను సందేహం లేకుండా సిఫారసు చేయగలిగిన కోర్సు ఇదే.

మొదటి పాఠం అరిస్టాటిల్ పేరైనా ఎత్తదు. ఏథెన్స్‌లో వసంతకాలంలో జరిగే మహా డయోనిసియా ఉత్సవంతో అది మొదలవుతుంది. ముగ్గురు కవులు పోటీకి దిగడం, ఒక్కొక్కరు మూడు ట్రాజెడీలను, ఒక సాటిర్ నాటకాన్ని (వాటి తరువాత వచ్చే హాస్య నాటకం) ప్రదర్శించడం, కోరస్ (పాడుతూ ఆడే బృందం) ఖర్చును సంపన్న పౌరుడొకరు భరించడం, న్యాయనిర్ణేతలను చీటీలు తీసి ఎంచుకోవడం వంటి సంగతులన్నీ ఇక్కడే వస్తాయి. నేడు మనం చదివి తలవంచే యూరిపిడిస్ ‘మెడీయా’ క్రీ.పూ. 431లో ఆ పోటీలో చివరి స్థానంలో నిలిచిందని విన్నప్పుడు, ఈ నాటకాలు పుట్టిన వాతావరణం వేరని వెంటనే తెలుస్తుంది. సిద్ధాంతం తరువాత వచ్చింది, ముందు ఉన్నది వేల మంది ప్రేక్షకులు, ఒక పోటీ, ఒక తీర్పు. ఈ క్రమాన్ని కోర్సు చివరిదాకా మరిచిపోనివ్వదు.

రెండో పాఠం నుంచి అసలు ప్రశ్న మొదలవుతుంది, దాన్ని లేవనెత్తిన తీరు నాకు ఎంతో నచ్చింది. క్రీ.పూ. 494లో పర్షియన్లు మిలెటస్ నగరాన్ని నేలమట్టం చేశారు. ఆ నగరవాసులు ఏథెన్స్ ప్రజలకు బంధువుల వంటివారు. కొంతకాలానికి ఫ్రినికస్ అనే కవి ఆ పతనాన్నే నాటకంగా ప్రదర్శించాడు. ప్రేక్షకులందరూ ఏడ్చారనీ, తమ సొంత కష్టాలను గుర్తుచేసినందుకు ఏథెన్స్ అతనికి 1000 డ్రాక్మాల జరిమానా వేసి, ఆ నాటకాన్ని ఇంకెవరూ ఆడకూడదని నిషేధించిందనీ చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. అదే ప్రేక్షకులు ఏటేటా వచ్చి, థీబ్స్ రాజుల కష్టాలకూ ఆర్గోస్ రాజవంశపు హత్యలకూ కన్నీళ్లు పెట్టుకుని, ఆ కవులకు బహుమతులు ఇచ్చారు. ఒక దుఃఖానికి జరిమానా, ఇంకొక దుఃఖానికి బహుమతి ఎందుకు? పరాయివాడి పతనం రంగస్థలం మీద చూస్తున్నప్పుడు కలిగే ఆ సంతృప్తి ఏమిటి? బోధకురాలు ఈ రెండు ప్రశ్నలనూ బల్ల మీద పెట్టి, తరువాతి పాఠాల్లో వచ్చే ప్రతి ఆలోచనాపరుడినీ వీటికి జవాబు చెప్పమని నిలదీస్తారు. ‘పొయెటిక్స్’ నాలుగో అధ్యాయంలో అరిస్టాటిల్ శవాల చిత్రాలనూ నీచ జంతువుల చిత్రాలనూ ఉదాహరణగా తీసుకుని, నేరుగా చూడలేనివాటిని అనుకరణలో ఆసక్తిగా చూస్తామని చెప్పిన మాట, ఫ్రినికస్ కథ విన్న తరువాత ఎంత బరువుగా వినిపిస్తుందో చెప్పలేను.

వాక్చాతుర్యం నేర్పిన గోర్గియాస్‌కు కొద్ది నిమిషాలే దక్కాయి. ట్రాజెడీ ఒక మోసమనీ, అందులో మోసం చేసినవాడు చేయనివాడికన్నా న్యాయవంతుడనీ, మోసపోయినవాడు మోసపోనివాడికన్నా తెలివైనవాడనీ ఆయన అన్న మాటను ప్లుటార్క్ మనకోసం కాపాడాడు. ఇంకాస్త నిలిచి ఉంటే బాగుండేది. అరిస్టోఫనీస్ ప్రహసనం ‘కప్పలు’ మాత్రం తగినంత స్థలం సంపాదించుకుంది. క్రీ.పూ. 405లో, యూరిపిడిస్, సోఫోక్లిస్ ఇద్దరూ మరణించిన కొద్ది కాలానికే వచ్చిన ఈ నాటకంలో డయోనిసస్ దేవుడు ఒక మంచి కవిని వెనక్కి తెచ్చుకోవడానికి పాతాళానికి వెళ్తాడు. అక్కడ ఈస్కిలస్, యూరిపిడిస్ వాదించుకుంటారు, చివరకు వారి పద్య పాదాలను తక్కెడలో తూస్తారు. మనకు దొరుకుతున్న నాటక విమర్శలో అతి పాతవాటిలో ఒకటి హాస్య నాటకంలోనే ఉందన్నది ఆనందం కలిగించే విషయం. అయితే బోధకురాలి దృష్టి ఇంకొక చోట ఉంది. ఇద్దరు కవులూ అన్ని విషయాల్లోనూ తగువులాడుకుంటారు కానీ, కవి పని నగర ప్రజలను మెరుగైన మనుషులుగా తీర్చడమే అన్న ఒక్క మాట దగ్గర ఇద్దరికీ పేచీ లేదు. ప్లేటో పట్టుకున్నది సరిగ్గా ఆ మాటనే.

ప్లేటోకు కేటాయించిన రెండు పాఠాలు ఈ కోర్సుకు వెన్నెముక. ‘రిపబ్లిక్’ పదో భాగంలో ఆయన చేసే ఆరోపణల్లో ఎక్కువమందికి తెలిసింది, కవి వాస్తవానికి రెండు మెట్ల దూరంలో ఉన్న నకలును తయారుచేస్తాడన్నది. అంతకన్నా లోతుగా తగిలే ఆరోపణ ఇంకొకటి ఉంది. మన ఇంట్లో దుఃఖం వచ్చినప్పుడు నిబ్బరంగా ఉండడమే గొప్పతనం అనుకుంటాం. అదే ఒక కథానాయకుడు రంగం మీద గుండెలు బాదుకుని ఏడుస్తుంటే, మనలో ఉత్తములు కూడా తమను తాము అతనికి అప్పగించుకుని, ఎంత బాగా ఏడిపించగలిగితే అంత గొప్ప కవి అని మెచ్చుకుంటారు. ఇతరుల కష్టాలకు అలా తినిపించి పెంచిన జాలిని, సొంత కష్టం వచ్చినప్పుడు అదుపులో పెట్టడం తేలిక కాదని ప్లేటో హెచ్చరిక. ఈ వాదాన్ని బోధకురాలు ఎక్కడా పలుచన చేయలేదు. కవులంటే గిట్టని తత్వవేత్త పేలాపనగా కాక, హోమర్‌ను చిన్నప్పటి నుంచి ప్రేమించానని స్వయంగా చెప్పుకున్న మనిషి వేసిన అభియోగంగా దాన్ని వినిపించారు. అదే భాగంలో ప్లేటో ఒక తలుపు తెరిచి ఉంచాడు: కవిత్వం ఆనందదాయకం మాత్రమే కాదు, సమాజానికి మేలు చేస్తుందని దాని అభిమానులు వచనంలో వాదించి చూపితే సంతోషంగా వింటామన్నాడు. పదిహేడేళ్ల వయసులో ప్లేటో అకాడమీలో చేరి, క్రీ.పూ. 347లో గురువు మరణించేదాకా దాదాపు ఇరవై ఏళ్లు అక్కడే గడిపిన అరిస్టాటిల్, ఆ ఆహ్వానానికి ఇచ్చిన జవాబుగా ‘పొయెటిక్స్’ను చదవాలన్నది ఈ కోర్సు ప్రధాన ప్రతిపాదన. అరిస్టాటిల్ ఆ పుస్తకంలో గురువు పేరెత్తి ఖండించలేదు. అయినా ఈ వెలుగులో చదివితే, పొడిపొడిగా పాఠం నోట్సులా కనిపించే ఆ చిన్న గ్రంథంలో వాక్యం తరువాత వాక్యానికి ఎదుట ఎవరో ఉన్నారని స్పష్టంగా తెలుస్తుంది. కవిత్వం చరిత్రకన్నా తాత్వికమైనదన్న తొమ్మిదో అధ్యాయపు మాట కూడా, నకలుకు నకలు అన్న నిందకు సూటి జవాబుగానే వినిపిస్తుంది.

ఆ తరువాతి ఐదు పాఠాలు ‘పొయెటిక్స్’కే. వీటిలో ఉత్తమమైనది సోఫోక్లిస్ ‘ఈడిపస్’ నాటకాన్ని పట్టుకుని పరిస్థితి తారుమారు కావడాన్నీ, నిజం గుర్తించడాన్నీ వివరించిన పాఠం. కొరింత్ నుంచి ఒక ముసలి దూత వస్తాడు. పోలిబస్ రాజు మరణించాడనీ, కొరింత్ ప్రజలు ఈడిపస్‌ను రాజుగా కోరుకుంటున్నారనీ చెబుతాడు. తండ్రిని చంపుతావన్న జోస్యం తప్పిందని ఈడిపస్‌కు ఊరట కలుగుతుంది, కానీ తల్లి ఇంకా బతికే ఉంది గనుక, ఆమెను పెళ్లాడతావన్న రెండో సగం గురించి భయం పోదు. ఆ భయాన్ని కూడా తీసేద్దామన్న మంచి మనసుతోనే దూత, పోలిబస్ నీ తండ్రి కాడు, చీలమండలు గుచ్చి ఉన్న పసివాడిగా నిన్ను నేనే తెచ్చి ఆయనకు ఇచ్చాను అంటాడు. భయం పోగొట్టడానికి చెప్పిన మాటే సర్వనాశనానికి తలుపు తీస్తుంది. బోధకురాలు ఇక్కడ వీడియోను ఆపి, ఈ సంభాషణ జరుగుతున్నంతసేపూ పక్కన మౌనంగా నిలబడిన అతని భార్య జొకాస్టాను చూడమంటారు. అతని కన్నతల్లి తానేనని ఆమెకు ఈడిపస్‌కన్నా ముందే అర్థమైపోయింది. కొన్ని పాదాల పాటు ఆమెకు మాట లేదు, తరువాత వచ్చేవి ఇక విచారించవద్దన్న వేడుకోళ్లే. గుర్తింపు ఒకే నాటకంలో రెండుసార్లు, రెండు వేగాల్లో జరుగుతుందన్న ఈ పరిశీలన అరిస్టాటిల్‌లో లేదు. ఆయన సూత్రాన్ని చేతపట్టుకుని నాటకంలోకి వెళ్లినవారికే దొరికేది అది.

ఈడిపస్ చేసిన తప్పిదం మీద చర్చ కూడా ఇదే పాఠంలో ఉంది. పదమూడో అధ్యాయంలో అరిస్టాటిల్ వరుసగా మూడు కథలను పక్కన పెడతాడు. పరమ సజ్జనుడు కష్టాల్లో పడితే అది జుగుప్స కలిగిస్తుంది, దుర్మార్గుడు సుఖపడితే జాలీ భయమూ రెండూ కలగవు, పరమ దుర్మార్గుడు పతనమైతే న్యాయం జరిగిందనిపిస్తుంది గాని జాలి కలగదు. మిగిలేది వీటి మధ్య ఉండే మనిషి. అతను దుష్టత్వం వల్ల కాక, ఏదో ఒక పొరపాటు వల్ల పడిపోతాడు. అర్హతకు మించిన కష్టం పడినవాడిని చూసి జాలి, మనలాంటివాడిని చూసి భయం. ఈ పొరపాటును అహంకారం, కోపం వంటి స్వభావ దోషంగా మార్చి, నాయకుడు తన దోషానికి తగిన శిక్ష అనుభవించాడని చెప్పే అలవాటు బాగా పాతుకుపోయింది. అలా చెబితే జాలికి చోటే ఉండదని, అరిస్టాటిల్ వాదమంతా కుప్పకూలుతుందని బోధకురాలు ఓపికగా నిరూపిస్తారు. మూడు దారులు కలిసే చోట తనను కొట్టబోతే తాను చంపిన ముసలివాడు తన కన్నతండ్రేనని ఈడిపస్‌కు తెలియదు. తెలియకపోవడమే ఆ పొరపాటుకు మూలం.

ఇంత మంచి పాఠం ముగిసిన వెంటనే వచ్చే పరీక్షలో మొదటి ప్రశ్న ఏమిటంటే, ఈడిపస్ స్వభావంలోని ఘోరమైన లోపం ఏది అని. నాలుగు జవాబులు ఇస్తారు, వాటిలో అహంకారాన్ని ఎంచుకుంటేనే మార్కు వస్తుంది. నేను చెప్పిన చిన్నది కాని లోపం ఇదే. ఈ పరీక్షలను పాఠాలు వినని ఎవరో తయారుచేశారన్నది స్పష్టం. కాలం, స్థలం, కార్యం అనే మూడు ఐక్యతలను అరిస్టాటిల్ నిర్దేశించాడా అన్న ప్రశ్నకు కూడా అవును అన్నదే సరైన జవాబుగా పెట్టారు. ఆయన పట్టుబట్టింది కార్యంలోని ఐక్యత ఒక్కదాని కోసమే. కాలం గురించి, ట్రాజెడీ సాధ్యమైనంతవరకు సూర్యుడి ఒక్క చుట్టుతో ముగియాలని చూస్తుందని ఒక పరిశీలన మాత్రం చేశాడు. స్థలం గురించి నియమమేదీ పెట్టలేదు. ఈస్కిలస్ ‘యూమెనిడీస్’లో కథ డెల్ఫీలో మొదలై ఏథెన్స్‌కు చేరుతుంది. మూడింటినీ కలిపి కట్టుదిట్టమైన నియమంగా మార్చినది 1570లో వ్యాఖ్యానం ప్రచురించిన ఇటలీ పండితుడు కాస్టెల్‌వెట్రో అని పదకొండో పాఠం చక్కగా చెబుతుంది. పాఠం కూల్చిన అపోహను పరీక్ష మళ్లీ నిలబెట్టడం విద్యార్థికి జరిగే అన్యాయం. మార్కులు లేకపోతే పూర్తి ధ్రువపత్రం రాదు గనుక, తెలిసి తెలిసి తప్పు జవాబు ఎంచుకోవలసిన పరిస్థితి ఏర్పడుతుంది. నిర్వాహకులు దీన్ని సరిదిద్దాలి.

పదమూడో అధ్యాయానికీ పద్నాలుగో అధ్యాయానికీ మధ్య ఉన్న చిక్కును దాచకుండా చూపించినందుకు ఎనిమిదో పాఠానికి పూర్తి మార్కులు ఇస్తాను. సుఖం నుంచి దుఃఖంలోకి జారే కథే ఉత్తమమని, అలా ముగించే యూరిపిడిస్ కవులందరిలోకీ ట్రాజెడీ లక్షణం ఎక్కువగా ఉన్నవాడని చెప్పిన అరిస్టాటిల్, వెంటనే తరువాతి అధ్యాయంలో, ఆత్మీయుడిని తెలియక చంపబోయి చివరి క్షణంలో గుర్తించి ఆగిపోవడమే అన్నింటికన్నా మేలైన పద్ధతి అంటాడు. దానికి ఆయన ఇచ్చే ఉదాహరణల్లో ఒకటి టౌరిస్ దేశంలో ఇఫిజీనియా కథ. అక్కడ చిక్కిన గ్రీకులను దేవతకు బలి ఇచ్చే ఆలయంలో ఆమె పూజారిణి. పట్టుబడిన ఇద్దరు యువకుల్లో ఒకరిని వదిలి, ఆర్గోస్‌లోని తన వారికి ఉత్తరం పంపాలనుకుంటుంది. సముద్రంలో ఓడ మునిగితే ఉత్తరం పోతుందేమోనని, అందులోని మాటలను, దాన్ని తీసుకువెళ్లబోయే పిలడీస్‌కు పైకి చదివి వినిపిస్తుంది. అది తన తమ్ముడు ఓరెస్టిస్‌కు రాసినది, తాను బతికే ఉన్నానన్న కబురు. తమ్ముడు అక్కడే, బలికి సిద్ధంగా నిలబడి ఉన్నాడు. పిలడీస్ ఇచ్చిన మాట నిలబెట్టుకోవడానికి ఒక్క అడుగు వేస్తే చాలు, ఉత్తరం పక్కవాడి చేతికి అందుతుంది. ఉత్తరం పంపాలనుకోవడం ఆమె స్థితిలో సహజం గనుక ఈ గుర్తింపు కథలోంచే పుట్టిందని అరిస్టాటిల్ మెచ్చుకుంటాడు. ఆ తరువాత ఓరెస్టిస్ తాను ఎవరో నిరూపించుకోవడానికి చెప్పే మాటలు మాత్రం కథ కోరినవి కావు, కవి కోరినవని తప్పుపడతాడు. ఒకే దృశ్యంలో ఒక సగాన్ని మెచ్చి ఇంకొక సగాన్ని విమర్శించే ఆ చూపును గమనిస్తే, ఆయన సూత్రాలు చేసే మనిషికన్నా నాటకాలను ప్రేమగా విప్పి చూసే మనిషిగా కనిపిస్తాడు.

రెండు అధ్యాయాల వైరుధ్యానికి బోధకురాలు మూడు రకాల సమాధానాలు చెప్పి, తీర్పును మనకు వదిలేశారు. పదమూడో అధ్యాయం మొత్తం కథ నడకను, పద్నాలుగో అధ్యాయం అందులోని ఒక్క ఘోర కార్యాన్ని అంచనా వేస్తున్నాయన్న సమాధానం వైపే నేను మొగ్గుతాను. దానితో చిక్కు పూర్తిగా విడిపోతుందని మాత్రం అనను.

దృశ్యం గురించిన పాఠంలో నాకు అరిస్టాటిల్‌తో పేచీ ఉంది, బోధకురాలికి కూడా ఉన్నట్టుంది. రంగం మీద కంటికి కనిపించేది కవి కళకు అన్నింటికన్నా దూరమైనదనీ, కథ వింటేనే ఒళ్లు జలదరించాలనీ ఆయన అభిప్రాయం. దానికి ఎదురుగా ఆమె క్రీ.పూ. 458 నాటి ఈస్కిలస్ ‘అగమెమ్నాన్’ను నిలబెట్టారు. ట్రాయ్ నుంచి గెలిచి వచ్చిన రాజు రథం దిగకముందే భార్య క్లైటెమ్నెస్ట్రా ఇంటి గుమ్మం దాకా ఎర్రని విలువైన వస్త్రాలు పరిపిస్తుంది. దేవతలకు తగిన గౌరవం అది, మనిషి తొక్కరాదని రాజు వెనకాడతాడు. వాదనలో ఓడి, చెప్పులు విప్పించుకుని, వట్టి పాదాలతో వాటి మీద నడిచి లోపలికి, ఆమె చేతిలో చావుకు, వెళ్తాడు. ఆ ఎరుపు మీద ఆ పాదాలను చూడకుండా, ఆ నడక ఎటు పోతుందో చెవులతో మాత్రమే అందుకోవడం సగం అందుకోవడమే. అరిస్టాటిల్ ఈ నాటకాలు పుట్టిన శతాబ్దానికి తరువాతివాడు, చదివి తెలుసుకున్నది ఆయనకు ఎక్కువ అన్న వివరణ సమంజసంగా ఉంది.

ఇంత చెప్పిన కోర్సు పాటను దాదాపు వదిలేయడం విచిత్రం. ట్రాజెడీలో గానం, నాట్యం పెద్ద భాగం. కోరస్‌లో 12 మంది, తరువాతి కాలంలో 15 మంది పాడుతూ ఆడేవారు. కోరస్‌ను కూడా నటుల్లో ఒకరిగా చూడాలని, ఈ విషయంలో సోఫోక్లిస్‌ను అనుసరించాలి గాని యూరిపిడిస్‌ను కాదని పద్దెనిమిదో అధ్యాయంలో అరిస్టాటిల్ అంటే, దాన్ని ఒక్క వాక్యంలో దాటేశారు. యూరిపిడిస్ ‘ఓరెస్టిస్’ నాటకంలోని కోరస్ గీతానికి స్వరలిపి ఉన్న పాపిరస్ ముక్క ఒకటి వియన్నాలో భద్రంగా ఉంది. దాని ప్రస్తావన కూడా లేదు. పాఠాల నేపథ్యంలో చూపిన చిత్రాల విషయంలోనూ శ్రద్ధ తక్కువ. ఐదో శతాబ్దపు ఏథెన్స్ ప్రదర్శనల గురించి చెబుతున్నంతసేపూ తెరమీద ఎపిడారస్ రాతి రంగశాలే కనిపిస్తుంది. అది తరువాతి శతాబ్దపు కట్టడం. సోఫోక్లిస్ కాలపు ప్రేక్షకులు ఎక్కువగా కొండవాలు మీద చెక్క బల్లలపై కూర్చున్నవారు.

కథార్సిస్ (జాలి, భయం అనే భావాల శుద్ధి) గురించిన పాఠం సంయమనానికి మంచి నమూనా. ట్రాజెడీ నిర్వచనంలో ఒకసారి పేర్కొనడం తప్ప, ఆ ప్రభావాన్ని అరిస్టాటిల్ ‘పొయెటిక్స్’లో ఎక్కడా వివరించలేదు. ‘పాలిటిక్స్’ ఎనిమిదో భాగంలో సంగీతం సందర్భంగా దాన్ని ప్రస్తావించి, వివరంగా కవిత్వం గురించిన రచనలో చెబుతానన్నాడు గాని, ఆ వివరణ మనకు మిగల్లేదు. జర్మన్ రచయిత లెస్సింగ్ దాన్ని భావోద్వేగాలను సద్గుణాలుగా మలిచే ప్రక్రియగా చూశాడు. 1857లో జర్మన్ పండితుడు బెర్నైస్ వైద్యపరమైన ఉపశమనంగా వ్యాఖ్యానించాడు. 20వ శతాబ్దంలో దాన్ని జ్ఞానం స్పష్టపడడంగా చూసినవారు ఉన్నారు. ఏ ఒక్కదాన్నీ అంతిమ సత్యంగా అంటగట్టకుండా, ప్రతిదాన్నీ ప్లేటో అభియోగానికి అది ఎంతవరకు జవాబు అవుతుందన్న ఒక్క గీటురాయి మీద పరీక్షించారు. జాలిని పెంచి పోషించడం ప్రమాదమన్న గురువుకు, ఆ జాలి తగిన మనిషి మీద, తగిన కారణంతో కలిగితే అది బలహీనత కాదని శిష్యుడు చెబుతున్నాడన్న వివరణ నాకు బాగా పట్టింది.

చివరి పాఠం మాత్రం పరుగులా సాగింది. ‘యాంటిగొనీ’లో రెండు న్యాయాల సంఘర్షణను చూసిన హెగెల్‌నూ, 1872లో ట్రాజెడీ పుట్టుకను సంగీతంలో వెతికిన నీషేనూ ఒకే పాఠంలో కుక్కారు. ఇద్దరిలో ఎవరికీ న్యాయం జరగలేదు.

వీడియోల ధ్వని స్పష్టంగా ఉంది, ఉపశీర్షికల్లో గ్రీకు పేర్లు అక్కడక్కడా తప్పుగా పడ్డాయి. నెలకోసారి జరిగే ప్రత్యక్ష ప్రశ్నోత్తరాలు ఈ కోర్సులో పరీక్షలకన్నా ఎంతో విలువైనవి, వాటిని వదులుకోవద్దు. ధ్రువపత్రం అవసరం లేనివారు పరీక్షల జోలికి పోకుండా పాఠాలు మాత్రం వినడం మేలు. ఇంకొక్క మాట: ఎనిమిదో పాఠం తెరవకముందే యూరిపిడిస్ ఇఫిజీనియా నాటకాన్ని అనువాదంలోనైనా ఒకసారి చదివేయండి, ఎందుకంటే ఆ ఉత్తరం ఎవరి చేతికి చేరుతుందో బోధకురాలు మొదటి నిమిషంలోనే చెప్పేస్తారు, ఈ సమీక్షలో నేనూ చెప్పాను గాని, ఆ దృశ్యాన్ని పాదం పాదంగా చదివినప్పుడు కలిగే ఉత్కంఠ ఇంకా మీకు మిగిలే ఉంటుంది.